కీళ్లలో వదులు: మోడల్ టి స్టీరింగు, దాని మరమ్మతు

మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజ్‌ చూడబోయినవారు నూరేళ్లనాటి ఫోర్డ్ మోడల్ టి కారులో ఒక చుట్టు తిరిగి రావచ్చు. ఎక్కినవారు సాధారణంగా ఇత్తడి దీపాలను, తోలు సీట్లను చూసి ముచ్చటపడతారు. చూడదగింది మరొకటి ఉంది: డ్రైవరు చేతులు. దారి తిన్నగానే ఉన్నా మోడల్ టి నడిపేవారి చేతులు ఊరికే ఉండవు. కాస్త ఇటు, కాస్త అటు, చిన్న చిన్న సవరింపులు నిరంతరం సాగుతూనే ఉంటాయి. చక్కగా సంరక్షించిన బండిలోనే ఇంత కదలిక ఉంటే, పశువుల కొట్టంలో దశాబ్దాలు పడి ఉండి బయటికి వచ్చిన బండి సంగతి చెప్పనక్కరలేదు. అందులో స్టీరింగు చక్రం పిడికెడు మేర తిరిగాక గాని ముందు చక్రాలకు ఆ సంగతి తెలియదు.

1908 అక్టోబరు నుంచి 1927 మే వరకు సుమారు కోటీ యాభై లక్షల మోడల్ టి కార్లు తయారయ్యాయి. ఇంజను, గేర్లు, రంగు, ధర గురించి చరిత్రకారులు పుస్తకాలకు పుస్తకాలే రాశారు. స్టీరింగులోని వదులు గురించిన చరిత్ర మాత్రం ఎక్కువగా మెకానిక్కుల చేతివేళ్లలోనే ఉండిపోయింది. నిజానికి ఆ వదులుకు ఫోర్డు కంటె చాలా పాత మూలాలున్నాయి.

రెండు చక్రాల ఎడ్లబండికి స్టీరింగు సమస్య లేదు. ఎడ్లు తిరిగితే బండి తిరుగుతుంది. చక్రాలు నాలుగయ్యాయంటే చిక్కు మొదలవుతుంది. తెలుగునాట దేవుడి రథం మలుపు తిరగడం చూసినవారికి ఈ సంగతి తెలుసు. ఇరుసులు కదలవు కనుక చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టి, రథాన్ని అంగుళం అంగుళం పక్కకు జరపవలసి వస్తుంది. యూరపు గుర్రపు బండ్లవారు ముందు ఇరుసు మొత్తాన్ని మధ్యలో ఒక మేకు మీద తిరిగేలా అమర్చి ఈ చిక్కు తీర్చుకున్నారు. కాని మలుపులో ఆ ఇరుసు అడ్డం తిరిగేసరికి బండికి ఆధారం ఇరుకైపోయి, తేలికగా బోల్తా పడేది. పైగా ఒక పక్క చక్రానికి రాయి తగిలితే, సగం ఇరుసు పొడవున్న మీట పట్టుకుని మెలితిప్పినంత బలంతో ఇరుసు తిరగబడేది.

దీనికి విరుగుడు ఆలోచించిన తొలి వ్యక్తుల్లో ఒకాయన వైద్యుడు కావడంలో ఆశ్చర్యం లేదు. ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్‌లో వైద్యం చేసిన ఎరాస్మస్ డార్విన్, చార్లెస్ డార్విన్‌కు తాత, రోగులను చూడడానికి ఏటా వేల మైళ్లు గతుకుల దారుల్లో తిరిగేవాడు. 1750ల చివర్లో ఆయన ఇరుసును కదలనివ్వకుండా, దాని రెండు కొసల్లోనూ చక్రాలకు విడివిడిగా కీళ్లు పెట్టి, వాటిని కడ్డీలతో కలిపే పద్ధతిని రూపొందించి తన బండికి అమర్చుకున్నాడు. పేటెంటు తీసుకోలేదు. 1768లో బండి ప్రమాదంలోనే మోకాటిచిప్ప విరిగి, జన్మంతా కుంటుతూ నడిచాడు. మళ్లీ అదే ఆలోచన మ్యూనిక్‌లో బండ్లు తయారుచేసే గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్‌కు వచ్చింది. ఆయన తరఫున 1818లో లండనులో పేటెంటు తీసుకున్న రుడాల్ఫ్ ఆకర్‌మాన్ బొమ్మల పుస్తకాలు అచ్చువేసే వ్యాపారి. కనిపెట్టినవాడి పేరు మరుగున పడి, దరఖాస్తు పెట్టినవాడి పేరు ఆ పద్ధతికి నిలిచిపోయింది.

ఈ పద్ధతిలో లాభం స్పష్టమే. చక్రం తిరిగే కీలు చక్రానికి దగ్గరగా వచ్చింది కనుక రాయి తగిలినప్పటి మెలి చాలా తగ్గింది. నష్టం మాత్రం వెంటనే కనబడేది కాదు. పాత బండిలో కీలు ఒక్కటే. కొత్తదానిలో రెండు చక్రాలకూ రెండు కీళ్లు, వాటిని కలిపే అడ్డ కడ్డీకి చెరో కొసన ఒక కీలు, ఆ కడ్డీని తిప్పడానికి ఇంకో కడ్డీ, దానికి మళ్లీ రెండు కీళ్లు. పెద్ద కుదుపు ఒకటి పోయి, చిన్న అరుగుదలలు అరడజను వచ్చాయి. లండను బండ్లవారు ఈ పద్ధతిని ఆదరించకపోవడానికి సంప్రదాయం ఒక కారణమైతే, ఈ కీళ్ల గొడవ ఇంకొకటి అయి ఉండాలి.

ఆవిరి బండ్లు, పెట్రోలు బండ్లు వచ్చాక వేరే దారి లేకపోయింది. 1873లో అమెదె బొలే తన ఆవిరి బండికి ముందు చక్రాలను విడివిడిగా తిప్పాడు. కార్ల్ బెంజ్ మొదట మూడు చక్రాల బండితో ఈ తలనొప్పిని తప్పించుకుని, 1893లో గాని నాలుగు చక్రాలకు తగిన స్టీరింగు పేటెంటు తీసుకోలేదు. చుక్కానిలాంటి పిడి స్థానంలో గుండ్రటి చక్రం 1894 నాటి పారిస్–రువాఁ పోటీలో ఆల్ఫ్రెడ్ వాషెరోన్ నడిపిన పనార్ కారులో కనబడింది. అక్కడి నుంచి ఫోర్డు దాకా పద్నాలుగేళ్లే.

మోడల్ టిలో స్టీరింగు గేరు ఉన్న చోటే విచిత్రమైనది. ఆనాటి ఖరీదైన కార్లలో అది స్టీరింగు కడ్డీ అడుగున, చట్రానికి బిగించిన బరువైన పెట్టెలో ఉండేది. ఫోర్డు దాన్ని చక్రం కిందనే, అరచేతిలో ఇమిడే గుండ్రటి డబ్బాలో పెట్టాడు. తొలి బండ్లలో ఆ డబ్బా ఇత్తడిది. లోపల మధ్యన స్టీరింగు చక్రంతో పాటు తిరిగే చిన్న పళ్లచక్రం ఉంటుంది. దాని చుట్టూ అలాంటివే మూడు. ఆ మూడింటి చుట్టూ డబ్బా లోపలి అంచుకు కోసిన పళ్లు. డబ్బా కదలదు కనుక, మధ్య చక్రం తిరిగితే మూడు చక్రాలూ అంచు వెంట దొర్లుతాయి. వాటికి ఇరుసులైన మూడు మేకులు కింద ఉన్న పొడవాటి కడ్డీ తలకు బిగించి ఉంటాయి. చేయి నాలుగు పాళ్లు తిప్పితే కడ్డీ ఒక పాలు తిరుగుతుంది. బెలూన్ టైర్లు వచ్చి తిప్పడం బరువయ్యాక, 1920ల మధ్యలో ఈ నిష్పత్తిని అయిదుకు ఒకటి చేశారు. గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరిగినట్టున్న ఈ అమరికంటే ఫోర్డుకు మక్కువ. అదే బండి గేరుబాక్సులోనూ ఆ సూత్రమే పనిచేస్తుంది.

ఇది చౌక, తేలిక, తిప్పడానికి సులువు. కాని దీని ఫలితం ఒకటి మరమ్మతు చేసేవారు ఎప్పుడూ గుర్తుంచుకోవలసినది. గేరు పైన ఉంది కనుక, దాని కింద ఎక్కడ వదులు ఏర్పడినా అది చేతికి చేరేసరికి నాలుగింతలవుతుంది. ఒక లెక్క వేసి చూడవచ్చు. కడ్డీ అడుగున ఉన్న చేయి నాలుగు అంగుళాల పొడవనీ, కింది కీళ్లన్నిటిలోనూ కలిసి అంగుళంలో పదహారో వంతు వదులనీ అనుకుంటే, కడ్డీ దాదాపు ఒక డిగ్రీ ఊరికే కదులుతుంది. పైన అది మూడున్నర డిగ్రీలు దాటుతుంది. పదిహేను అంగుళాల వ్యాసమున్న చక్రం అంచు దగ్గర అది అరంగుళం. అంత చిన్న అరుగుదల చేతిలో అరంగుళమైందన్న మాట. పై డబ్బాలోని పళ్ల అరుగుదల దీనికి అదనం.

అందుకే స్టీరింగు వదులుగా ఉందని చెప్పగానే పై డబ్బా మూత విప్పే మెకానిక్కు, జ్వరం అనగానే జ్వరం మాత్ర రాసే వైద్యుడితో సమానం. ఫోర్డు కంపెనీ తన డీలర్ల కోసం 1920లలో ప్రచురించిన మరమ్మతు పుస్తకాలు ప్రతి పనికీ పద్ధతిని, కావలసిన పనిముట్లను వివరంగా నిర్దేశించాయి. వాటి వెనక ఉన్న వరస నేటికీ మారలేదు. ఒకరు స్టీరింగు చక్రాన్ని స్వల్పంగా అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. రెండోవారు పై నుంచి కిందికి ఒక్కొక్క కీలు మీదా చేయి వేసి చూడాలి. ఒక భాగం కదిలి దాని పక్క భాగం కదలకపోతే వదులు ఆ రెంటి మధ్య ఉన్నట్టు. ఆ తరవాత ముందు ఇరుసును జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. కీళ్ల వైద్యుడు మోకాలిని పట్టుకుని చూసే తీరుకూ దీనికీ పెద్ద తేడా లేదు. తెలుగులో రెంటికీ కీలు అన్న మాటే వాడడం కాకతాళీయం కాదేమో.

ఆ వరసలో చూస్తే మోడల్ టిలో వదులు దాగే చోట్లు ఇవీ. పైన స్టీరింగు చక్రాన్ని పట్టి ఉంచే తాళపు ముక్క, నట్టు. మూడు మేకులు, వాటి మీది పళ్లచక్రాలు. గేరు డబ్బాను స్టీరింగు గొట్టానికి పట్టి ఉంచే రివెట్లు. ఇవి వదులైతే కదలకూడని డబ్బాయే కదులుతుంది, అప్పుడు కొత్త పళ్లచక్రాలు వేసినా ప్రయోజనం ఉండదు. కడ్డీ అడుగున ఉన్న బుష్షు. చేయి కొసన గోళం, దాన్ని పట్టుకునే గిన్నెలు. అక్కడి నుంచి అడ్డంగా పోయే కడ్డీ, దాని రెండో కొసన మళ్లీ గోళం, గిన్నెలు. అడ్డ కడ్డీ కొసల్లోని బోల్టులు, బుష్షులు. చివరికి చక్రాల కింగ్‌పిన్నులు, వాటి బుష్షులు, చక్రాల బేరింగులు. ఇవి చాలనట్టు, ముందు ఇరుసును వెనక్కి పట్టి ఉంచే వి ఆకారపు కడ్డీ ఇంజను అడుగున ఒక గోళం మీద ఆనుతుంది. అది అరిగితే ఇరుసే ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కింగ్‌పిన్నులు వెనక్కి వాలి ఉండవలసిన అయిదారు డిగ్రీల వాలు అప్పుడు నిలకడగా ఉండదు. మలుపు తరవాత చక్రాలను తిన్నగా తెచ్చే గుణం ఆ వాలుదే.

గోళాలు, గిన్నెల దగ్గర కాస్త ఆగడం అవసరం. వదులు తీయడానికి ఫోర్డు యజమానులు ఎక్కువగా ఆశ్రయించింది ఇక్కడే. రెండు అరగిన్నెలను కలిపి బోల్టులతో బిగిస్తారు. లోపలి గోళం అరిగి వదులైతే, గిన్నెల ముఖాలను ఆకురాయితో కొద్దిగా రాచి మళ్లీ బిగిస్తే అవి దగ్గరికి వచ్చి వదులు పోతుంది. పావుగంట పని, ఖర్చు సున్నా. పొలం గట్టున కూర్చుని చేసుకోవచ్చు. అయితే గోళం అన్ని వైపులా సమంగా అరగదు. బండి ప్రయాణంలో ఎక్కువ భాగం తిన్నగానే పోతుంది కనుక, తిన్నగా పోయేటప్పుడు ఒరుసుకునే చోటే ఎక్కువ అరిగి, గోళం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ఆ స్థితిలో గిన్నెలను బిగిస్తే తిన్నగా ఉన్నప్పుడు సరిగ్గానే ఉంటుంది. చక్రం తిప్పేసరికి గుడ్డు అడ్డం తిరిగి గిన్నెలో పట్టేస్తుంది. వదులుగా ఉన్న స్టీరింగు చికాకు మాత్రమే పెడుతుంది. పట్టేసిన స్టీరింగు మలుపులోనే ఉండిపోయి గోతిలో పడేస్తుంది. అందువల్ల ఆకురాయి పట్టుకునే ముందు గోళాన్ని కొలిచి చూడాలి. గుండ్రతనం పోయి ఉంటే వెల్డింగుతో పూడ్చి మళ్లీ లేతు మీద గుండ్రంగా తిప్పాలి, లేదా ఆ భాగమే మార్చాలి.

ఆకురాయికి కూడా తీరిక లేనివారి కోసం స్ప్రింగులు అమ్మేవారు. సియర్స్ వంటి సంస్థల కేటలాగుల్లో ఫోర్డు విడిభాగాలకు, అలంకారాలకు పేజీలకు పేజీలుండేవి. వాటిలో స్టీరింగు కడ్డీల చప్పుడు అణచే స్ప్రింగులు బాగా అమ్ముడుపోయిన సరుకు. స్ప్రింగు గోళాన్ని గిన్నెలో ఒక పక్కకు నొక్కి ఉంచుతుంది. చప్పుడు పోతుంది, వదులు పోదు. పెద్ద కుదుపు వచ్చినప్పుడు స్ప్రింగు లొంగి, ఉన్న వదులంతా ఒక్కసారిగా బయటపడుతుంది. ఆ స్ప్రింగులను తిట్టిపోయడం తేలిక. కాని 1925 నాటికి కొత్త బండి ధర 260 డాలర్లకు దిగింది. పాత ఫోర్డును రోడ్డు మీద ఉంచుకోవడమే గొప్ప అనుకున్న కౌలు రైతుకు గోళాలను లేతు మీద తిప్పించే స్తోమత ఎక్కడిది?

వదులు వల్ల కలిగే అసలు ప్రమాదం వేరొకటి. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పినప్పుడు కడ్డీ అడుగున ఉన్న చేయి, దానికి తగిలించిన అడ్డ కడ్డీ దాదాపు ఒకే గీతలోకి వస్తాయి. భాగాలు సరిగా ఉంటే ఆ గీతకు కాస్త ఇవతలే ఆగుతాయి. ఏదైనా వంగినా, అరుగుదల మితిమీరినా, చేయి ఆ గీతను దాటి అవతలికి పోతుంది. అక్కడి నుంచి అంతా తలకిందులు. చక్రాన్ని వెనక్కి తిప్పబోతే ముందు చక్రాలు ఇంకా ముడుచుకుంటాయి, లేదా అలాగే బిగుసుకుపోతాయి. ఇరుకు వీధిలో బండి మళ్లించేటప్పుడు జరిగితే దిగి, చక్రాన్ని తన్ని సరిచేసుకోవచ్చు. వేగంలో జరిగితే ఆ అవకాశం ఉండదు. మోడల్ టి పునరుద్ధరణలో అనుభవమున్నవారు ఇంజనుకు చేయి వేయకముందే స్టీరింగును రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడమనేది ఇందుకే.

కింగ్‌పిన్ను బుష్షుల పని చూడడానికి సులువు, చేయడానికి కష్టం. కంచు బుష్షును దాని గూటిలోకి నొక్కి దించగానే అది కాస్త నలిగి, లోపలి రంధ్రం చిన్నదవుతుంది. కొత్త పిన్ను అందులో దూరదు. కనుక రీమరుతో రంధ్రాన్ని సరైన కొలతకు తేవాలి. పైన ఒక బుష్షు, కింద ఒక బుష్షు. వేటికవి విడిగా రీమరు చేస్తే రెండూ ఒకే గీతలో ఉండవు, పిన్ను పట్టేస్తుంది. అలా పట్టేసిన పిన్నును సుత్తితో దించి పని అయిందనుకునేవారున్నారు. కొన్ని వందల మైళ్లలో బుష్షు అంచులు అరిగి మళ్లీ వదులు మొదలవుతుంది. పొడవాటి రీమరు ఒక బుష్షులో ఆధారం తీసుకుంటూ రెండో బుష్షును కోయాలి. ఫోర్డు కంపెనీ తన డీలర్ల దగ్గర అలాంటి ప్రత్యేకమైన రీమర్లు ఉండాలని పట్టుబట్టడంలో అర్థముంది. పాత పిన్ను మీద కొత్త బుష్షు వేసి డబ్బు మిగిల్చామనుకోవడం కూడా అలాంటి పొరపాటే.

ఈ కీళ్లలో వదులు పెరిగినప్పుడు ఒక వేగం దగ్గర ముందు చక్రాలు వాటంతటవే అటూ ఇటూ కొట్టుకోవడం మొదలవుతుంది. అమెరికన్లు దీనికి 1920ల నాటి ఒక నృత్యం పేరు పెట్టి షిమ్మీ అన్నారు. తిరిగే చక్రం బొంగరంలాంటిది. ఇరుసు ఒక పక్క పైకి లేస్తే, ఆ చక్రం పక్కకు తిరగజూస్తుంది. పక్కకు తిరిగితే ఇరుసు మళ్లీ ఊగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకునే ఈ ఊపు బెలూన్ టైర్ల కాలంలో ఎక్కువైంది. ఫ్రాన్సులో బ్రూయె 1925లోను, జర్మనీలో బెకర్, ఫ్రోమ్, మారూన్ 1931లోను దీన్ని శాస్త్రీయంగా పరిశీలించారు. వదులు ఒక్కటే దీనికి కారణం కాదని తేలింది. ఇరుసు మొత్తం ఒకే దూలంగా ఉన్నంతకాలం ఈ బెడద పూర్తిగా వదలదు. 1934లో అమెరికాలోని పెద్ద కంపెనీలు ముందు చక్రాలకు విడివిడి స్ప్రింగులు పెట్టడం మొదలుపెట్టడానికి ఇది ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

ఫోర్డు తన తరవాతి బండి మోడల్ ఎలో పై డబ్బాను వదిలేసి, అందరి లాగే గేరును కడ్డీ అడుగుకు దించి, మరసుట్ల గేరు వాడాడు. అరిగితే బిగించుకోవడానికి సర్దుబాట్లు కూడా పెట్టాడు. కాని గుడ్డు అయిన గోళం కథే ఇక్కడా ఎదురయింది. మరసుట్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి. మధ్యకు సరిపోయేలా బిగిస్తే రెండు చివరలా పట్టేస్తుంది. దీనికి తయారీదార్లు తరవాత కనిపెట్టిన ఉపాయం తెలివైనది: గేరును మధ్యలో కాస్త బిగువుగా, చివరల్లో కాస్త వదులుగా ఉండేలా ముందే కోయడం. అరుగుదల ఎక్కడ వస్తుందో తెలిసినప్పుడు అక్కడ అరగడానికి లోహం అదనంగా పెట్టారన్న మాట.

కార్లు దూలపు ఇరుసును వదిలేసినా లారీలు వదలలేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఈనాడు లారీ కింద పడుకున్న మెకానిక్కు ఎదుట ఉన్నది సూత్రంలో మోడల్ టి ముందు ఇరుసే: దూలం, కింగ్‌పిన్నులు, అడ్డ కడ్డీ, గోళపు కీళ్లు. ఇంకొకరిని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, చక్రం ఆడించమని, కీలు కీలు మీదా చేయి వేసి “ప్లే ఇక్కడుంది” అనే ఆ మనిషి డియర్‌బోర్న్ పాఠాన్ని డియర్‌బోర్న్ పేరు వినకుండానే నేర్చుకున్నాడు.

పాత కార్లను కాపాడేవారి మధ్య ఇప్పటికీ ఒక వాదం తెగలేదు. అరిగిన అసలు భాగాన్ని పూడ్చి నిలబెట్టాలా, కొత్తగా చేసిన భాగాన్ని వేయాలా? ప్రదర్శనశాలలో కదలకుండా నిలబడే బండికి మొదటిదే న్యాయం. నూరేళ్ల చరిత్ర ఆ అరుగుదలలోనే ఉంది. మనుషులను ఎక్కించుకుని నడిచే బండి సంగతి వేరు. మోడల్ టి గాడులు పడిన మట్టిదారుల కోసం పుట్టింది. అక్కడ బండిని సగం వరకు గాడే నడిపేది, వదులు బయటపడేది కాదు. నున్నటి తారు రోడ్డు మీద, పక్కనే అరవై మైళ్ల వేగంతో పోయే వాహనాల మధ్య ఆ ఆసరా లేదు. స్టీరింగు, బ్రేకుల విషయంలో అసలుతనం పట్టింపు పనికిరాదన్నవారి మాటే సబబుగా కనిపిస్తుంది. తీసిన పాత భాగాలను పేరు రాసి భద్రపరిస్తే చరిత్రకూ లోటు రాదు.

విప్పినప్పుడు ఆ పాత గిన్నెల ముఖాలను వెలుతురులో పట్టి చూస్తే ఆకురాయి గీతలు కనబడతాయి. ఒక వరస గీతల మీద అడ్డంగా ఇంకో వరస, దాని మీద మరొకటి. చేతులు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు గట్టున కూర్చుని పావుగంట రాచారు. కొన్ని గిన్నెల అంచులు ఒకదానికొకటి పూర్తిగా ఆనుకుపోయి, లోపలి గోళం మాత్రం ఇంకా కదులుతూనే ఉంటుంది. ఇక రాయడానికి అక్కడ లోహం మిగలలేదు.